చివరి వరుసలో పడ్డ అలారం

ఆవిడకి భయం పుట్టుకతోనే వచ్చింది. ఈ మాట ఇంకెవరో అన్నది కాదు, ఆవిడే చెప్పుకుంటుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. ఎవరైనా "ఒకసారి ఇలా రండి" అంటే చాలు, ఏం తప్పు చేశానా అని వెనక్కి వెతుక్కోవడం మొదలుపెడుతుంది. అలాంటి మనిషి చేతిలో అంత పెద్ద ఆసుపత్రిలో ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చే పని పెట్టారు. ఏం చేస్తాం, ఆ పని వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు మరి.

ఆసుపత్రిలో అందరూ ఆవిడని ట్రాఫిక్ మేడమ్ అంటారు. వీధిలో నిలబడి ఈల వేసే ఉద్యోగం కాదు లెండి. పాత బిల్డింగ్ కింది అంతస్తులో, లిఫ్ట్ పక్కన, ఒకప్పుడు చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది ఒకటుంది. ఇప్పుడు అందులో బీరువాలాంటి ఒక నల్లటి స్టాండు, దాన్నిండా వైర్లు, మిణుకుమిణుకుమనే లైట్లు, బరబరమనే ఒక ఏసీ, ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఈవిడ. ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకునే కూర్చుంటుంది. చలికా, భయానికా అని ఏడిపిస్తారు జనం.

పని ఏమిటంటే, రోడ్డుకి ఇటు పాత బిల్డింగ్, అటు కొత్త బిల్డింగ్. రెండింటికీ మధ్య రోడ్డు కిందనుంచి పోయే లైను ఒక్కటే. స్కాన్ ఫోటోలు, రక్తపరీక్షల రిపోర్టులు, ఫోన్ మాటలు, కెమెరా బొమ్మలు, ఏదైనా సరే ముక్కలుగా తెగి, ప్యాకెట్లనే చిన్న చిన్న పొట్లాలుగా మారి ఆ లైన్లోంచే పోవాలి. లైను ఖాళీగా ఉంటే గొడవే లేదు. అందరూ ఒక్కసారే మీదపడితే మాత్రం ఎవర్ని ముందు పంపాలో ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చేది ఆవిడ గదిలోని సర్వర్. అలా తేల్చమని దానికి రూల్స్ రాసింది ఈవిడ.

మొత్తం మూడు వరుసలు పెట్టింది. మొదటి వరుసలో ఒక్క పొట్లం ఉన్నా రెండో వరుస కదలదు. రెండోది ఖాళీ అయితే తప్ప మూడోదాని మొహం ఎవరూ చూడరు. ఏ రూలూ రాయనివి, ఊరూ పేరూ తెలియనివి వస్తే తిన్నగా మూడో వరుసే. పద్ధతి మంచిదే. కాకపోతే మొదటి వరుస పల్చగా ఉన్నంతకాలమే మంచిది. అది నిండిందంటే వెనకవాళ్ళు అలా ఎదురుచూస్తూ ఉండాల్సిందే.

ఈ పద్ధతి ఆవిడ ఏ పుస్తకంలోంచి నేర్చుకున్నా, మనసులో పడింది మాత్రం వాళ్ళ నాన్న దగ్గర. ఆయన ఇదే ఆసుపత్రిలో లిఫ్ట్ నడిపేవాడు. స్ట్రెచర్ వచ్చిందంటే లోపల ఎంతటివాళ్ళున్నా దిగాల్సిందే. ఒకసారి అప్పటి డైరెక్టర్‌నే దింపేశాడు. చిన్నప్పుడు ఈవిడ కళ్ళు ఇంత చేసుకుని అడిగింది, "భయం వెయ్యలేదా నాన్నా?" అని. "ఎందుకు వెయ్యలేదే, కాళ్ళు గజగజ వణికాయి. వణుకుతూనే దింపాను" అన్నాడాయన.

కూతురికి ఆయన వణుకు వచ్చింది గానీ దింపడం రాలేదు. ఎవరొచ్చి అడిగినా కాదనలేదు. అకౌంట్స్ పెద్దాయన వచ్చి "అమ్మా, మా ఫైళ్ళు నత్తనడక నడుస్తున్నాయి" అంటే వాళ్ళని మొదటి వరుసలో వేసింది. డైరెక్టర్ గారి పీఏ వచ్చి ఒక్క కసురు కసిరితే డైరెక్టర్ గారి వీడియో మీటింగులు మొదటి వరుసలోకెక్కాయి. కళ్ళ డాక్టరు నవ్వుతూ అడిగాడు, ఆయన నవ్వుకీ భయపడి ఆయన్నీ ఎక్కించింది. అందరూ ముందే అయ్యాక ముందనే మాటకి అర్థమేముంది? ఆ సంగతి ఆవిడకి తెలియదా? తెలుసు. తెలిసి కూడా "ఇదొక్కసారికీ" అనుకునేది.

అంతలో చెల్లెలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. తల్లీ తండ్రీ పోయాక ఈ అక్కే ఆ పిల్లకి అన్నీ. సెలవు పెట్టి చెల్లెలి మంచం పక్కనే ఉండిపోయింది. మగపిల్లాడు పుట్టాడు. అరచేతిలో పట్టేంత. పాత బిల్డింగ్ పై అంతస్తులో పసిపిల్లల గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. మరిది ఓడ మీద ఉద్యోగం, ఫోన్లో ఏడవడం తప్ప ఏం చెయ్యలేడు.

నెలలు నిండని పిల్లలు అప్పుడప్పుడు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారట. అరికాలి మీద చిన్నగా తడితే గుర్తొస్తుందట. వెంటనే తట్టాలి, అంతే. ఆ గదిలో మోతలు పిల్లలకి మంచివి కావని కొత్తగా మిషన్లు పెట్టించారు. ఇవి పెట్టె పక్కన గోల చెయ్యవు, ఏదైనా తేడా వస్తే ఒక పసుపుపచ్చ లైటు వెలిగించి ఊరుకుంటాయి. కబురు మాత్రం లైను దాటి కొత్త బిల్డింగ్‌లో ఉన్న సర్వర్‌కి పోయి, అక్కణ్ణుంచి తిరిగొచ్చి నర్సు జేబులో ఉన్న ఫోన్లో మోగుతుంది. కంపెనీవాళ్ళు ఆ మిషన్లు బిగించి వెళ్ళింది సరిగ్గా ఈవిడ సెలవులో ఉన్న వారమే.

సెలవయ్యాక వచ్చి చూసింది. కొత్త మిషన్లు వచ్చాయని తెలుసుకుంది. వీటికి రూలు రాయాలి, మొదటి వరుసలో వెయ్యాలి అనుకుంది కూడా. అనుకునేలోపే పీఏ వచ్చి పడ్డాడు. పెద్ద సర్జన్ గారు ఇటు పాత బిల్డింగ్‌లో గుండె ఆపరేషన్ చేస్తుంటే కొత్త బిల్డింగ్ హాల్లో అతిథులందరికీ తెరమీద చూపించాలట. బొమ్మ ఒక్క క్షణం ఆగినా ఊరుకోరట. గంటకోసారి ఫోను, పూటకోసారి పిలుపు. ఆ కంగారులో ఆపరేషన్ బొమ్మని మొదటి వరుసలో వేసింది. పిల్లల మిషన్ల మాట రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ మరుగున పడిపోయింది. సొంత చెల్లెలి కొడుకు ఉన్న గది అది! ఏమనాలి ఈ మనిషిని?

ఆపరేషన్ రోజు పొద్దున బొమ్మ మొదలైంది. అద్దంలా పోతోంది. పీఏ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకోలు విని ఆవిడకి కాస్త ఊపిరాడింది. చెల్లెలికి ఫ్లాస్కులో పాలు పోసుకుని పైకెళ్ళింది.

పసిపిల్లల గది బయట వసారాలో అద్దం ముందు బల్ల మీద కూర్చుని ఉంది చెల్లెలు. పొద్దస్తమానం అక్కడే ఉంటుంది. లోపల ఒక్క నర్సే ఉంది, హెడ్ నర్స్‌తో సహా మిగతావాళ్ళని అతిథుల మర్యాదలకని హాలుకి పంపించారు. ఆ ఉన్న నర్సు మూలనున్న పాపకి గొట్టంతో పాలు పడుతోంది, వీపు ఇటు ఉంది.

"తాగవే, చల్లారిపోతాయి" అంది అక్క.

"అక్కా, వాడి మిషన్ మీద ఆ లైటేంటి?" అంది చెల్లెలు.

పసుపుపచ్చ లైటు వెలిగి ఆరుతోంది. పక్కన ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే అంకె దిగుతోంది. అక్క చూసింది. చూసి, నర్సు జేబు వైపు చూసింది. మోగలేదు.

"ఏం లేదులే. ఏమైనా అయితే ఆ ఫోన్ మోగుతుంది. మోగలేదుగా" అంది.

చెల్లెలు లేవబోయింది. అక్క భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. "అవి కొత్త మిషన్లే, పిచ్చిదానా. నీకంటే వాటికే బాగా తెలుసు."

అంకె ఇంకా దిగింది. పిల్లాడి పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. చెల్లెలు కెవ్వున అరిచి, అక్క చెయ్యి విదిలించుకుని, రెండు అరచేతులతో అద్దం మీద దబదబా బాదింది. నర్సు ఉలిక్కిపడి తిరిగి, పాల గొట్టం అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పెట్టెలో చెయ్యిపెట్టి అరికాలి మీద తట్టింది. ఇంకోసారి తట్టింది.  మూడోసారికి పిల్లాడు ఒళ్ళంతా ముడుచుకుని సన్నగా, పిల్లికూనలా ఏడ్చాడు.

అప్పుడు మోగింది నర్సు జేబులో ఫోను.

"ఇప్పుడా నువ్వు మోగేది, దిక్కుమాలిన ఫోనా!" అని దాన్ని కసిరి నొక్కేసింది నర్సు. తలుపు తీసి "పర్లేదమ్మా, తేరుకున్నాడు" అంది చెల్లెలితో. తర్వాత అక్కని చూసి, "మీరే చూడాలి మేడమ్, ఇవాళ పొద్దున్నుంచీ ఇది అన్నీ అయిపోయాక మోగుతోంది" అంది.

 చేతిలో ఫ్లాస్కు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. పిల్లాడు ఊపిరి మర్చిపోయాడన్న కబురు తన గదిలో, తన సర్వర్లో, మూడో వరుసలో నిలబడి ఉండిపోయింది. ముందు ఆపరేషన్ బొమ్మ పోతోంది, దాని వెనక అకౌంట్స్ ఫైళ్ళు పోతున్నాయి, కళ్ళ డాక్టరు వీడియోలు పోతున్నాయి. అన్నీ పోయాక, ఎక్కడో సందు దొరికితే, పసివాడి కబురు. ఏ రూలూ రాయలేదు కదా మరి. ఊరూ పేరూ లేనివి చివర్న ఉండమని రాసింది తనే.

"మిషన్ల మోత పెంచు" అంది నర్సుతో. 

"దానికి హెడ్ నర్స్ కోడ్‌తో తాళం వేసి పెట్టారు మేడమ్. ఆవిడకి ఫోన్ చేస్తుంటే గరగరమంటోంది, మాట వినపడట్లేదు."

వినపడదు. ఆ మాటలు పోవాల్సిందీ ఆ లైన్లోంచే. "అయితే ఆ ఫోన్‌ని నమ్మకు. ఎవరికీ వీపు తిప్పకు. లైట్లే చూస్తూ ఉండు, నేనొచ్చేదాకా" అని, చెల్లెలి మొహం చూడకుండా మెట్ల వైపు పరిగెత్తింది. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు.

గదిలోకొచ్చి కుర్చీలో కూలబడింది.  పిల్లల మిషన్లని మొదటి వరుసలో వేసేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆ వరుసే కిటకిటలాడుతోంది, అందులో వేస్తే బొమ్మ వెనక నిలబడాలి, కాస్త ముందు మోగుతుందేమో గానీ ఆ కాస్త చాలదు. బొమ్మని దింపాలి. అకౌంట్స్‌ని దింపాలి. డైరెక్టర్‌ని దింపాలి. వరుసలన్నీ తీసేసి కొత్తగా పెట్టాలి. పెట్టేటప్పుడు లోపలున్నవన్నీ ఒక్కసారి ఒలికిపోతాయి, తెర మీద బొమ్మ ఆగిపోతుంది, ఆ తర్వాత వచ్చినా మసకమసగ్గా వస్తుంది. ఆపరేషన్‌కేం కాదు, డాక్టరు చేతికి తెరతో పనిలేదు. హాలు నిండా ఉన్న పెద్దలకే ఇబ్బంది.

అది కాదు అసలు భయం. ఒకసారి ఇలాగే పనివేళ రూల్స్ మారుస్తూ ఒక్క గుర్తు తప్పు కొట్టింది. రెండు బిల్డింగులూ ఒకదానికొకటి తెగిపోయాయి, ఒక్క ప్యాకెట్టూ అటు పోలేదు, ఇటు రాలేదు. అప్పట్నుంచి పెద్ద మార్పు ఏదైనా సెలవురోజున, పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని, గట్టిగా చదివి వినిపించి మరీ చేస్తుంది. ఇవాళ పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు తప్పు కొడితే ఆలస్యంగా మోగే ఫోన్ కూడా మోగదు. పైన ఎనిమిది పెట్టెలు, ఒక్క నర్సు.

టైపు చెయ్యడం మొదలుపెట్టింది. వేళ్ళకి చెమట, కీల మీద జారుతున్నాయి. శాలువాకి తుడుచుకుంది.

ఫోన్ మోగింది. ఉలిక్కిపడింది. పీఏ.

"మేడమ్, బొమ్మ బ్రహ్మాండం! అసలు ఘట్టం ఇప్పుడే వస్తోంది. దయచేసి మీరు ఏమీ ముట్టుకోకండి. వింటున్నారా?" గరగరలోంచి ముక్కలు ముక్కలుగా వచ్చాయి మాటలు.

"సార్..." అంది.  "సార్, దింపుతున్నాను."

"ఏంటీ?"

"మీ బొమ్మని దింపేస్తున్నాను సార్." పెట్టేసింది. జీవితంలో ఎవరి ఫోనూ మధ్యలో పెట్టేసిన మనిషి కాదు. ఒళ్ళంతా వణుకు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి తెర కనపడటం లేదు. తుడుచుకుని, రాసింది పక్కన మనిషి ఉన్నట్టే గట్టిగా చదివింది. మళ్ళీ చదివింది. ఒకచోట తప్పుంది, దిద్దింది. ఇంకా ఉన్నాయేమో, ఎలా తెలుస్తుంది? తెలియదు. పైన లైటు మళ్ళీ వెలుగుతోందేమో, అదీ తెలియదు. నొక్కేసింది.

స్టాండు మీద లైట్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆవిడ ఊపిరీ ఆగింది. మళ్ళీ వెలిగాయి. తెర మీద అంకెలు కదిలాయి. మొదటి వరుసలో ఇప్పుడు పిల్లల మిషన్లు, వాటి వెనక ఫోన్ మాటలు, అంతే. వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి, ఆ వరుసలో ఎదురుచూస్తున్నది ఒక్కటీ లేదు. ఆవిడ బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు పూర్తికాకుండానే తలుపు ధడేల్మని తెరుచుకుంది. డైరెక్టర్. రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఎగశ్వాస. కోటుకి అతిథుల బ్యాడ్జీ వేలాడుతోంది.

"ఎవర్నడిగి ముట్టుకున్నావ్? అంతమంది ముందు నా పరువు తీశావ్ కదా! ఎవరు చెప్పారు నీకు?"

ఆవిడ లేచి నిలబడింది. బల్ల పట్టుకుంది. చెప్పింది. వరసగా చెప్పడం రాలేదు, ముందుది వెనకా వెనకది ముందూ అయింది, మధ్యలో మూడుసార్లు ఏడ్చింది. పసిపిల్లల గది అన్న మాట దగ్గర ఆయన అరవడం మానేశాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అన్నాడు మెల్లగా.

ఈ ప్రశ్న వస్తుందని ఆవిడకి తెలుసు. మెట్లు దిగుతున్నప్పట్నుంచీ దానికే భయపడుతోంది. "ఇంతగా ఇవాళే సార్. కానీ మిషన్లు పెట్టిన రోజునుంచీ అవి చివరి వరుసలోనే ఉన్నాయి. రూలు నేను రాయలేదు. మర్చిపోయాను."

"ఇంకెంతమందికి ఆలస్యమైంది?"

"తెలియదు సార్."

ఆయన అక్కడున్న కేబుల్ డబ్బా మీద కూర్చున్నాడు. ఆయన చేతులూ నిలకడగా లేవు. ఆవిడకి కాస్త ధైర్యం రావాల్సింది, రాలేదు. అంతటి మనిషీ భయపడ్డాడంటే సంగతి తను అనుకున్నదానికంటే పెద్దదన్నమాట. కాసేపటికి లేచి, "రాసి ఇవ్వు నాకు, జరిగింది జరిగినట్టు" అని వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ మాటలో తేలలేదు.

హెడ్ నర్స్‌ని పైకి పంపించారు. ఆవిడ వస్తూనే మిషన్ల మోత పెంచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని పెట్టె పెట్టెకీ తిరిగింది. "ఆ ఫోన్‌ని నేను నమ్మిందెప్పుడు? మేం రోజూ తిరుగుతూనే ఉన్నాం, తడుతూనే ఉన్నాం. ఇవాళ మమ్మల్ని కుర్చీలు సర్దడానికి పంపారు, అదీ సంగతి" అని గొణిగింది. వెనకే పైకొచ్చిన ట్రాఫిక్ మేడమ్‌కి అది విన్నాక ప్రాణం లేచొచ్చింది. సగమే. మిగతా సగం వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది.

చెల్లెలికి చెప్పక తప్పదా? తప్పించుకోవచ్చు. మిషన్ పాడైందంటే నమ్ముతుంది, ఆ పిల్ల అక్క మాట ఎప్పుడూ నమ్ముతుంది. ఆ నమ్మకమే అబద్ధమాడనివ్వలేదు. పక్కన కూర్చుని, అద్దంలోకి చూస్తూ చెప్పేసింది. మూడు వరుసలు, బొమ్మ, రాయని రూలు, అన్నీ.

చెల్లెలు విన్నది. 

"నేను లేస్తుంటే కూర్చోబెట్టావు" అంది. "మోగలేదుగా అన్నావు. నేను కూర్చున్నాను."

లేచి బల్ల ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. అక్క ఈ చివర శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్ళూ ఎవరెవరికో భయపడింది గానీ, ఈ పిల్ల తనని చూడటం మానేస్తుందేమో అన్న భయం ముందు అవన్నీ ఏపాటివి?

ఎండ వసారాలోంచి తప్పుకునే వేళకి పసుపుపచ్చ లైటు మళ్ళీ వెలిగింది. వాడి పెట్టె మీదే. అంకె ఇంకా దిగనేలేదు, జేబులో ఫోన్ గణగణా మోగింది. నర్సు రెండంగల్లో వెళ్ళి అరికాలు తట్టింది. పిల్లాడు చిరాగ్గా కాలు లాక్కున్నాడు, అంతే, మళ్ళీ నిద్ర.

అక్క ఉలిక్కిపడలేదు. మోత విని ఒళ్ళు తేలికైపోవడం ఆవిడకి అదే మొదటిసారి.

చెల్లెలు అద్దం మీదనుంచి చూపు తిప్పకుండానే జరిగి జరిగి పక్కకొచ్చింది. చెయ్యి తడుముకుంటూ వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"ఇక్కడే కూర్చో" అంది. "లైటు వెలిగి ఎప్పుడైనా మోగకపోతే, నాకు చెప్పు."

"చెప్తానే" అంది అక్క. చెల్లెలు చెయ్యి వదల్లేదు.